తోటికోడలి వరసలు

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. సైమా నవ్వను కూడా లేదు. అయినా రెండువేల రెండు జూన్‌లో ఆ ఉదయం, వంటింటి తలుపు చాటున నిలబడి సిద్దికా కళ్లు ఒత్తుకుంది!

చూసేవాళ్లకది చిన్న విషయం. ఆమె భర్త సిలార్ అద్దంకి నుంచి కొత్త రకం పత్తి విత్తనాల పెట్టె తెచ్చాడు. పదిహేనేళ్లుగా ఆ ఇంటికి ఏ విత్తనం వచ్చినా ముందు పెద్దకోడలు సిద్దికా చేతిలోనే పడేది. మిరప గింజలకు బూడిద పట్టించి దాచేది ఆమె. విత్తే రోజున బిస్మిల్లా అని తొలి గుప్పెడు తీసిచ్చేదీ ఆమే. మా పెద్దకోడలి చెయ్యి చల్లనిదని అత్తగారు నసీమున్నీసా ఊరంతా చెప్పుకునేది. ఇవాళ సొంత మొగుడే ఆమెను దాటి వెళ్లి, "దీని మీద ఏం రాశారో చదువమ్మా" అంటూ పెట్టెను మరదలి చేతిలో పెట్టాడు.

సైమా చిన్నకోడలు. ఇంటర్లో బైపీసీ చదివింది, పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. పెట్టెలోని కాగితం విప్పి గుక్క తిప్పుకోకుండా చదివింది. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును ఈ పత్తిలోకి ఎక్కించారట, కాయ తొలిచే పురుగు దీన్ని కొరికితే చస్తుందట. ఢిల్లీలో కమిటీ ఆ ఏడే అనుమతి ఇచ్చిందట, అదీ ఒక షరతు మీద. పెట్టెలో పెద్ద పొట్లంతో పాటు మామూలు పత్తి గింజల చిన్న పొట్లం ఒకటి ఉంది. వాటిని చేను చుట్టూ ఐదు వరసలు వెయ్యాలి, పురుగు తినడానికి! ఆ వరసలను రెఫ్యూజీ అంటారని, తెలుగులో ఏమనాలో తనకూ తెలియదని సైమా చెప్పింది.

పురుగు కోసం పంట వేసే పిచ్చోడెవరని సిలార్ నవ్వాడు.

"ఈ పత్తి తిన్నా చావని మొండి పురుగు ఎక్కడో ఒకటి ఉంటది బావగారూ. వాటికవే జత కడితే పుట్టేవన్నీ మొండివే. మామూలు పురుగుతో కలిస్తే ఆ మొండితనం తగ్గుద్ది. అందుకే కొన్ని మొక్కల్ని పురుగుకి వదిలెయ్యాలి. అప్పుడే మిగతా చేను బతుకుద్ది" అంది సైమా.

అత్తగారు ముక్కున వేలేసుకుంది. చదువుకున్న పిల్ల ఇంట్లో ఉంటే ఎంత వెలుగని మురిసిపోయింది. సిద్దికా గుండెలో మంట భగ్గుమంది. జన్యువట... షరతట... ఈ పిల్ల పుట్టకముందు ఈ నేలలో పత్తి పండలేదా? మరి తన చెయ్యి ఇక దేనికి, అంట్లు తోమడానికా?

విత్తే రోజున రెండు పొట్లాలూ విప్పి వేరువేరు చేటల్లో పొయ్యమని సైమా ఆమెకు అప్పగించింది. సిద్దికా రెండింటినీ ఒకే చేటలో పోసి చేత్తో బాగా కలిపింది. అందులోంచి కొంత తీసి చిన్న చేటలో వేసింది. గింజకూ గింజకూ తేడా ఏముంటుందిలే, దాని చదువేపాటిదో తేలిపోతుందిలే అనుకుంది.

దసరా నాటికి తేలింది. చేను నడుమ అయిదు మొక్కలకు ఒకదాని కాయలు పురుగు తొలిచేసింది. మందు కొట్టే పని ఉండదనుకున్న సిలార్ నాలుగుసార్లు కొట్టాడు. వ్యవసాయాధికారి వచ్చి చేనంతా తిరిగాడు. గట్టు పక్క వరసల్లోనూ ఎక్కువ మొక్కలకు పురుగు లేకపోవడం చూసి, రెండు రకాలూ కలిసిపోయాయి, విత్తనం ఎవరు కలిపారని అడిగాడు.

సైమా ఒక్కసారి సిద్దికా ముఖంలోకి చూసింది. తరువాత తల వంచుకుని, "నేనేనండి. పొరపాటున కలిపాను" అంది.

ఇక ఆ పిల్ల పడని మాట లేదు! నీ చదువును నమ్మి నెత్తిన గుడ్డేసుకున్నామని సిలార్ అరిచాడు. చిలకలూరిపేట జిన్నింగు మిల్లు నుంచి వచ్చిన ఆమె భర్త అక్బర్ కూడా అన్నవైపే మాట్లాడాడు. ఆ మధ్యాహ్నమే నసీమున్నీసా మిరప విత్తనాల మూట తెచ్చి సిద్దికా ఒళ్లో పెట్టింది. ఇక ఈ ఇంట్లో విత్తనం నీ చల్లని చేతి మీదుగానే పోవాలంది.

కోరుకున్నది అదే. కానీ ఆ మూట ఒళ్లో బరువైపోయింది. సిద్దికా దాన్ని అత్తగారి ముందు నేల మీద పెట్టేసింది.

"ఇది చల్లని చెయ్యి కాదత్తమ్మా. ఆ రోజు గింజలు కలిపింది నేను. పొరపాటు కాదు... కుళ్లుతో కలిపాను."

సిలార్ లేచి బయటికి వెళ్లిపోయాడు. పత్తి తీతలు అయ్యేదాకా అతను భార్యతో సరిగా మాట్లాడనే లేదు. సైమా మాత్రం వచ్చి పక్కన కూర్చుంది. తెలిసీ ఎందుకు మోశావే ఆ నింద అని సిద్దికా వెక్కుతూ అడిగింది.

"నేను కలపలేదంటే మిగిలింది నువ్వే కదక్కా. నన్నంటే ఏడాదిలో మర్చిపోతారు. నీ చెయ్యి మంచిది కాదంటే నీ పదిహేనేళ్లూ పోతాయి" అంది సైమా.

మరుసటి ఏడు పెట్టె వచ్చినప్పుడు పెద్ద పొట్లం సిద్దికా విప్పింది, చిన్నది సైమా విప్పింది. గట్టు చుట్టూ ఐదు వరసలూ ఇద్దరూ కలిసే వేశారు. కాయలు పట్టాక ఒకనాడు పక్కచేను వెంకాయమ్మ కలుపు తీస్తూ, చుట్టూ పురుగు పట్టిన ఆ మొక్కలేమిటి, వాటినేమంటారని అడిగింది.

సిద్దికా నడుం నిలబెట్టి చెప్పింది. "తోటికోడలి వరసలంటారు వదినా. పురుగుని తమ మీదకి తీసుకుంటాయి. లోపలి చేనుకి ఆ సంగతే తెలీదు."

పక్క సాలులో వంగి ఉన్న సైమా తల ఎత్తలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ మాట కాగితంలో లేదక్కా అంది.

"అయితే రాసుకో" అంది సిద్దికా.