ఆమె చూడని ఆఖరి రీళ్ళు

సినిమా హాల్లో మూడో వరుస కుర్చీలదాకా నీళ్ళొచ్చిన వరద తర్వాత రెండో ఏడు అది. ఆ ఏడే, ఆ హాల్లో సినిమాలు ఆడించిన ముసలి ఆపరేటరు భార్యకు కళ్ళు మసకబారాయి. "ఉన్న చూపు ఇంకో ఆర్నెల్లే. చూడాలనుకున్నవి చూసేయమ్మా" అన్నాడు కంటి డాక్టరు. ఇంటికొచ్చాక ఆమె ఏడవలేదు. "నాకు పాత సినిమాలు మళ్ళీ చూడాలనుందే..." అంది కూతురితో. అంతే! ఆ మాటకు కూతురి గుండె చెరువైపోయింది.

కూతురు దర్జీ. కుట్టుమిషను పక్కకు నెట్టి తండ్రి దగ్గర కూర్చుంది.

"నాన్నా, నలభై ఏళ్ళు ఆడించావుగా! మళ్ళీ చూడదగ్గవి నువ్వే చెప్పు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "పడవవాడిది చూడండి. రీలు ఒక్కచోట కూడా తెగలేదు. కవలలది వద్దు. నాలుగో రీలు మొండికేసేది."

"అది కాదు, కథ ఎలా ఉంటుంది?"

"కథ నాకేం తెలుసు? రీలు అయిపోవచ్చేసరికి తెర మూలన చుక్క పడుతుంది. పడగానే తర్వాతి రీలున్న రెండో మిషను వెయ్యాలి. నేను చూసింది ఆ చుక్కనే."

"సరిపోయింది! రుచి ఎలా ఉందని వంటవాణ్ణి అడిగితే, పొయ్యి బాగా మండిందన్నాడట!"

పడవవాడి సినిమానే పెట్టారు. తల్లి టీవీకి మూరెడు దూరంలో పీట వేసుకుంది. పాటలకు పెదవులు కదిపింది, నవ్వింది, కొంగుతో కళ్ళొత్తుకుంది. తీరా పడవ మునిగేవేళకు చటుక్కున లేచి, గోడ తడుముకుంటూ వంటింట్లోకి పోయింది! మర్నాడు ఇంకో సినిమా. అప్పుడూ అంతే. మూడోనాడు గడప తగిలి పడిపోయింది. మోకాలు చెక్కుకుపోయింది.

కూతురికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఏమిటే అమ్మా ఈ మొండితనం? కథ తేలేది అక్కడేగా! నీ కళ్ళున్నన్నాళ్ళైనా..."

"మీ నాన్నకు అన్నం వేళయిందే..."

"ఆయన తిని గంటయింది!"

తల్లి మోకాలు తడుముకుంది. "ఆఖరి రీలుకు మిషను మార్చే పనుండదమ్మా. మీ నాన్న తీరిగ్గా తినేది అప్పుడే. అది మొదలవగానే క్యారేజీ పట్టుకుని హాల్లోంచి మిషను గది మెట్లెక్కేదాన్ని. కాళ్ళకు అదే అలవాటైంది, ఏం చెయ్యను? ఒక్క సినిమాకైనా ముగింపు చూడలేదు తల్లీ... ఎవరు బతికారో, ఎవరు ఎవర్ని కలిశారో... పంపు దగ్గర ఆడవాళ్ళు చెప్పుకుంటే వినేదాన్ని..."

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన లోపలికొచ్చాడు.

"నలభై ఏళ్ళు! ఒక్కనాడైనా చెప్పలేదేం?"

"మీరు అడిగితే కదండీ! అయినా అంత ఆకలితో తింటుంటే మిమ్మల్ని చూడ్డమే బాగుండేది..."

ఆయన అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. కూతురు పిలిచినా లోపలికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయనే అన్నం వండాడు. అడుగు మాడింది. నిలబడే తిని, పళ్ళెం కడిగి తెచ్చి భార్య చేతికిచ్చాడు.

"తడిమి చూడు. తినేశాను."

పడవవాడి సినిమా మొదటినుంచీ పెట్టి, ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. పడవ మునిగేవేళకు ఆమె కాళ్ళు కదిలాయి. ఆయన ఆమె చేయి పట్టుకుని ఆపాడు.

"కూర్చో. నేనూ చూడలేదు" అన్నాడు.