పక్కసీటు క్లచ్

ఎదురింటి ప్రహరీకి ముక్కు ఆనించి కారు ఆగిపోయింది. బానెట్ సందులోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. చుట్టూ చేరినవాళ్ళు తలుపు తీసి చెయ్యందిస్తున్నా మాస్టారు దిగలేదు. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, పగిలిన గోడను చూస్తూ అలాగే కూర్చుండిపోయారు. ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషి... సొంత వీధిలో, సొంత ఇంటి ఎదురుగా గోడను గుద్దుకున్నారు.

ఆయన భార్య ప్రార్థన మధ్యలోనే లేచి పరుగెత్తుకొచ్చింది. నుదుటి మీద చిన్న గీత తప్ప ఆయనకు దెబ్బలేమీ లేవు. "దిగండి" అంది మెల్లగా. ఆమె గొంతు వినగానే ఆయన ముఖం అటు తిప్పుకున్నారు. దెబ్బ తగిలినందుకు కాదు, తనను చూడలేక తిప్పుకున్నారని ఆమెకు అర్థమైంది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి కూతురూ అల్లుడూ వచ్చారు. కూతురు చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"అమ్మా, నాన్నకి పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయిందని ఊరందరికీ తెలుసు. నీకు తెలీదా? తాళం ఆయన చేతికెలా ఇచ్చావు?"

"రోజూ నడుపుతూనే ఉన్నారు కదే..."

"అదే అడుగుతున్నా. క్లచ్ తొక్కే కాలే లేకపోతే ఇన్నాళ్ళూ ఎలా నడిపారు?"

ఆమె కొంగు అంచును వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది. అల్లుడు బయటికి వెళ్ళి కారులోకి తొంగిచూశాడు. డ్రైవింగ్ స్కూలు బండి అది. నేర్చుకునేవాడు తడబడితే సరిదిద్దడానికి పక్కసీటు ముందు కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. స్కూలు మూతపడి చాలా కాలమైంది. కానీ ఆ పక్కసీటు క్లచ్ మీద దుమ్ము లేదు, కింద పరిచిన పట్టా మడమ ఆనేచోట కొత్తగా అరిగిపోయి ఉంది. అల్లుడు లోపలికొచ్చి, ఎప్పుడూ చేసే వేళాకోళం మానేసి, నెమ్మదిగా అడిగాడు.

"అత్తయ్యా... క్లచ్ మీరు తొక్కుతున్నారా?"

మంచం మీద మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

అవును, తొక్కింది. జబ్బు చేసి లేచాక ఆయన చెయ్యి కోలుకుంది, మాట కోలుకుంది, కాలు కోలుకోలేదు. ఒకరోజు భోజనానికి పిలుద్దామని షెడ్డులోకి వెళితే ఆయన ఆగిన కారులో కూర్చుని గేరు రాడ్ అటూ ఇటూ కదుపుతున్నారు. తల్లి లేని పిల్లాడిలా కనిపించారు. "ఎక్కు" అన్నారు. ఊరందరికీ నేర్పిన మనిషి పెళ్ళాన్ని మాత్రం ఏనాడూ బండిలో కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. ఆ రోజే మొదలు, అదే ఆఖరు కూడా. "నేను రాడ్ మీద వేలితో తడితే తొక్కు. మళ్ళీ తడితే వదులు. ఒక్కసారిగా కాదు. నిద్రపోయే పసిపిల్ల తలకింది నుంచి చెయ్యి తీసినంత మెల్లగా." ఆ పని ఆమెకు తెలుసు. మొదటిసారే బండి కుదుపు లేకుండా కదిలింది.

ఆ తరువాత ప్రతి సాయంత్రం ఇద్దరూ వెళ్ళేవారు. సంత వీధి దాటి, వంతెన మీదుగా, నీళ్ళ ట్యాంకు ఉన్న గుట్ట దాకా. కొన్నాళ్ళకు ఆయన తట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఇంజన్ గొంతు మారగానే ఆమె కాలు తొక్కేది, ఆయన చెయ్యి గేరు మార్చేది. ఒక్క మాట ఉండేది కాదు. ఇంట్లో ఆయన పేపరు వెనకా ఆమె గిన్నెల మధ్యా ఎవరి లోకం వాళ్ళది. పిల్ల పెళ్ళయి వెళ్ళాక మాటలు మరీ తగ్గిపోయాయి. కానీ ఆ గంటసేపు మాత్రం... ఇద్దరు మనుషులు కలిసి ఒక మనిషైతే తప్ప కదలని బండిలో కూర్చున్నామన్న తలపుకే ఆమెకు గుండె నిండిపోయేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు తన అవసరం ఇంతగా ఎప్పుడు పడింది? మంచి మనిషికి ఇంత కష్టం ఎందుకిచ్చావని దేవుణ్ణి అడిగిన ఆ నోటితోనే, ఈ సాయంత్రాలు ఇలాగే ఉండనీ అని కూడా వేడుకునేది. ఇది పాపమా స్వామీ అని కూడా అడిగేది. ఈ రోజు కూడా ఆ వేడుకోలు మధ్యలోనే గోడ కూలిన చప్పుడు వినిపించింది.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. మాస్టారి బండిని మొదటినుంచీ బాగుచేసిన మెకానిక్ అతను. కింద దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ, "దీన్ని ఇక ఇబ్బంది పెట్టకండి మాస్టారూ. ప్రశాంతంగా పోనివ్వండి" అన్నాడు.

కొత్తది కొనాలని కూతురు అప్పటికే తీర్మానించుకుంది. "ఆటోమేటిక్ కొందాం నాన్నా. క్లచ్ ఉండదు, గేర్లు మార్చక్కర్లేదు. కుడికాలొక్కటి చాలు. నీకోసమే చేసినట్టుంటుంది."

"అది బండి కాదు, బొమ్మ" అన్నారు మాస్టారు. "క్లచ్ లేని కారూ ఉప్పు లేని కూరా ఒకటే."

"ఉప్పు తగ్గించమని డాక్టరు కూడా చెప్పాడు కదా మావయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"నువ్వాగవయ్యా."

"అది కాదండీ, లిఫ్టు ఎక్కితే మెట్లని అవమానించినట్టా?"

"లిఫ్టు ఎక్కినవాడు నేను మెట్లెక్కి వచ్చానని చెప్పుకోడు."

మేస్త్రీ మధ్యలో కల్పించుకున్నాడు. "గేర్ల బండే కొనుక్కుంటే దానికీ పక్కన పెడళ్ళు బిగించి ఇస్తాను. ఒక్క పూట పని. ఎత్తు మీద పట్టూ, ఖర్చూ, రిపేరూ అన్నిటికీ గేర్ల బండే మేలు. అమ్మగారు తోడుంటే ఇబ్బందేముంది?"

"అమ్మ ఎన్నాళ్ళు తొక్కుతుంది బాబాయ్? ఆవిడకి వయసు రాదా?" అంది కూతురు.

మాటలు ముదిరాయి. చివరికి మాస్టారు విసుగ్గా, "మీ అమ్మనే అడగండి. ఆవిడ ఏదంటే అదే" అన్నారు.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఈ ఇంట్లో గోడలకు వేసిన రంగు కూడా ఎవరూ ఆమెను అడిగి వేయలేదు. గేర్ల బండే కొనండి, పక్కన పెడళ్ళు పెట్టించండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే చాలు, సాయంత్రాలు మళ్ళీ తనవవుతాయి. కానీ అంత తొందరగా అంటే మనసులోది బయటపడిపోతుందేమోనని సిగ్గేసింది.

"టీ తాగండి. తరువాత చెప్తాను" అంది.

టీ గ్లాసులు పట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి మాస్టారూ మేస్త్రీ లోపల ఉన్నారు. పాత బండిలోంచి సామాను తీస్తున్నారు. భర్త గొంతు విని ఆమె గుమ్మం ఇవతలే ఆగింది.

"మొన్న సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగామయ్యా. నా దగ్గర నేర్చుకున్న వాడే ఒకడు స్కూటర్ మీంచి లోపలికి చూశాడు. 'ఏంటి మాస్టారూ, ఇప్పుడు అమ్మగారు మాస్టారూ, మీరు శిష్యులూనా?' అన్నాడు."

"కుర్ర వెధవ, వేళాకోళానికి అనుంటాడు."

"వాడన్నది పర్వాలేదు. ఈవిడ కూడా నవ్వింది."

మేస్త్రీ చేతిలోని సామాను కింద పెట్టాడు.

"వేలితో తట్టిన ప్రతిసారీ తల కొట్టేసినట్టుండేది. నా బండిని పెళ్ళాం కాలితో నడుపుకుంటున్నాను. పక్కకి చూస్తే ఆవిడ ముఖంలో జాలి కనపడుతుందేమోనని ఇన్నాళ్ళూ పక్కకే చూడలేదు. అందుకే నిన్న ఒక్కణ్ణే బండి తీశాను. చేత్తో కాలు ఎత్తి క్లచ్ మీద పెట్టాను... జారిపోయింది."

ఆమె నిలబడిన చోటనే గ్లాసుల పళ్ళాన్ని గుండెకు ఆనించుకుంది. తను నవ్విన మాట నిజమే. ఎంత సంతోషంగా నవ్వింది! ఆ కుర్రాడు తమనిద్దరినీ ఒక జంటగా చూశాడని నవ్వింది. ఒకే బండిలో, ఒకే దారిలో, మూర దూరంలో కూర్చుని ఒకరు పండగ చేసుకుంటుంటే ఇంకొకరు శిక్ష అనుభవించారా? ఇన్ని సాయంత్రాలూ తను ఒక్కతే వెళ్ళిందా? ఎవరి ఆనందం కోసం ఎవరి కాలు తీసుకున్నావు స్వామీ... నా ఆనందం కోసమే అయితే, అంత అవసరం లేదని ముందే చెప్పేదాన్నే.

వంటింట్లోకి తిరిగొచ్చి, ముఖం కడుక్కుని, టీ మళ్ళీ వేడిచేసి అందరికీ ఇచ్చింది. ఇచ్చాక, "ఆటోమేటిక్ కొనండి" అంది.

మాస్టారు గ్లాసు పెదవుల దగ్గర ఆపారు. "నువ్వు కూడా అదే అంటావా?"

"మోకాళ్ళు నొప్పులండీ. ఇక తొక్కలేను."

"ముందే చెప్పొచ్చుగా." ఆయన గొంతులో కోపం లేదు. ఏదో కొంచెం విరిగింది. అది ఆమె విన్నది, విననట్టే ఊరుకుంది.

కొత్త కారు వచ్చింది. ఆయన మొదట దాని చుట్టూ పెళ్ళిచూపులకు వచ్చిన మొండి మేనమామలా తిరిగారు. "మిషన్ గేరు మారుస్తుందట, నేను హారన్ కొట్టాలట" అని సణిగారు. "ఎడమకాలికి పెన్షన్ ఇచ్చేశాం మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. వీధి చివరిదాకా వెళ్ళొస్తానన్న మనిషి చీకటి పడేవేళకు వచ్చారు. దిగేటప్పుడు నడుము నిటారుగా ఉంది. పక్కింటాయనతో గుట్ట మీద ఎదురైన లారీ గురించి చెబుతుంటే ఆమె కిటికీ లోంచి చూసింది. అంత గట్టిగా ఆయన నవ్వి ఎన్నాళ్ళయింది... తను చేసింది మంచి పనేనని ఆ నవ్వు సాక్ష్యం చెప్పింది. సాక్ష్యం విన్నాక కూడా ఆమె కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

"నువ్వూ రా, ఊరికే కూర్చుందువుగాని" అని రెండు మూడుసార్లు పిలిచారు. తను పక్కన కూర్చుంటే ఆయనకు మళ్ళీ ఆ కాలే గుర్తొస్తుంది. "మోకాళ్ళండీ, మీరు వెళ్ళిరండి" అనేది. పిలవడం ఆగిపోయింది. సాయంత్రం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెట్టేది. వీధిలో ఏ బండి వెళ్ళినా, గేరు మారే చోట కుర్చీలో కూర్చున్న ఆమె కాలు దానంతటదే నేలను నొక్కేది. కూతురు ఫోన్ చేసి, "నాన్న హుషారుగా ఉన్నారటగా. నువ్వెలా ఉన్నావమ్మా?" అంటే, "నాకేంటే, బాగానే ఉన్నాను" అనేది. అది అబద్ధం కాదు. ఎలా ఉన్నానని తనను తాను అడుక్కోవడం ఆమె మానేసింది, అంతే.

ఒకరోజు ఆకాశం ముసురు పట్టింది. చినుకు పడేలోగా ఆరేసిన బట్టలు తియ్యాలని ఆమె డాబా మెట్లు గబగబా ఎక్కి, చేతుల నిండా బట్టలతో రెండేసి మెట్లు దాటుతూ దిగింది. కింద మాస్టారు చేతికర్ర ఊతంగా నిలబడి ఉన్నారు. చేతిలో మందుల దుకాణం కవరు.

"ఎముకల డాక్టరు దగ్గర నీకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను" అన్నారు. "ఈలోగా రాసుకోమని ఈ నూనె ఇచ్చారు." ఆయన చూపు మెట్ల మీదికి వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. "నీ మోకాళ్ళకి ఏమీ కాలేదు."

ఆమె బట్టలు గుండెకు హత్తుకుంది.

"తొక్కడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పాల్సింది. ఈ నాటకం దేనికి?"

"ఇష్టం లేకనా?" అంది ఆమె. "నాకున్నదే ఆ గంటండీ. మీకు తల కొట్టేసినట్టుందని మేస్త్రీతో అన్నారు. విన్నాను. నా సంతోషం కోసం మిమ్మల్ని రోజూ అలా..." మాట పూర్తి కాలేదు. "ఆ కుర్రాడు అన్నప్పుడు నేను జాలితో నవ్వలేదు. మనిద్దరం బాగున్నామని నవ్వాను."

మాస్టారు కర్రను గోడకు ఆనించి, మెట్టు మీద మెల్లగా కూలబడ్డారు. కవరు ఒళ్ళో పెట్టుకున్నారు. "ఒక్కసారి పక్కకి చూసుంటే తెలిసేది" అన్నారు, ఆమెతో కాదు, నేలతో అన్నట్టు. "ఎంతమందికి చెప్పాను, కదిలే ముందు పక్కకి చూడండిరా అని."

ఆమె పైమెట్టు మీద కూర్చుంది. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ లేవలేదు. ఎదురుగా రోడ్డు లేదు, ఇంజన్ చప్పుడు లేదు. మాట్లాడకుండా ఉండడానికి ఏ సాకూ లేని చోట ఇద్దరూ కొత్తవాళ్ళలా కూర్చున్నారు. లోపల దేవుడి గదిలో చెప్పుకునే మాటలన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ ఈయనతో ఎప్పుడూ అనలేదు.

ఆయన మొట్టమొదటిసారి తలెత్తి, పక్కకి తిరిగి, ఆమె ముఖంలోకి చూశారు.

"నేను లేనప్పుడు... రోజంతా ఏం చేస్తుంటావు నువ్వు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె నోరు తెరిచింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక, తడుస్తున్న బట్టలను ఒళ్ళోకి లాక్కుని, అలాగే కూర్చుంది... ఆయన ఎదురుచూస్తున్నారు.