రక్తసంబంధీకులకు ఓ ఉత్తరం

ఉదయం ఏడు కాకముందే బాబాయ్ వచ్చాడు. సిటీ బస్సు నడిపే డ్రైవరమ్మ అప్పటికి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. ఆయన చెప్పులైనా విప్పకుండా చేతిలోని ఉత్తరం బల్ల మీద పడేశాడు.

"ఏంటే ఇది? చుట్టాలందరికీ పంపావట!"

"అందరికీ కాదు బాబాయ్, రక్తసంబంధీకులకే. డాక్టరమ్మే పంపమంది."

నెల కిందట స్కానింగులో డ్రైవరమ్మ క్లోమంలో చిన్న నీటితిత్తి కనిపించింది. అది క్యాన్సర్ కాదన్నారు. కానీ రక్తపరీక్షలో పుట్టుకతో వచ్చిన, క్యాన్సర్‌కి దారితీయగల జన్యులోపం బయటపడింది. ఏటా స్కానింగ్ తప్పదని, అదే లోపం నాన్నవైపు వాళ్లలోనూ ఉండొచ్చని, వాళ్లూ పరీక్ష చేయించుకోవాలని చెప్పారు. ఉత్తరంలో ఆమె రాసింది అదే.

"అన్నయ్య కామెర్లతో పోయాడని అందరికీ చెప్పాం. ఇప్పుడు లేని రోగం మా నెత్తిన రుద్దుతావా? నా కూతురు నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. పొరపాటున పంపానని ఫోన్లు చేసి చెప్పు."

"చెప్పను."

"పెద్దవాణ్ని, నా మాట..."

"ఎవరు చెప్పమన్నా చెప్పను. నాన్నమ్మా కామెర్లే, నాన్నా కామెర్లేనా? నాకు తెలిసింది కాబట్టి జాగ్రత్తపడుతున్నాను. నా చెల్లి, నీ కూతురు మాత్రం కళ్లు మూసుకుని ఎందుకు బతకాలి?"

వంటగది గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఆయనకి వచ్చింది క్లోమం క్యాన్సరని అప్పుడు నోరు మెదపొద్దన్నారు మరిదిగారూ, మెదపలేదు. ఇక నా వల్ల కాదు. మీ అక్కయ్యకి నిన్న నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను."

బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

"అన్నయ్యే నా చేత ఒట్టు వేయించుకున్నాడు వదినా. పిల్లకి తెలిస్తే బతుకంతా భయపడుతుందన్నాడు. పద్నాలుగేళ్లు కడుపులో దాచుకున్నా."

డ్రైవరమ్మ ఇస్త్రీపెట్టె ఆపి ఆయన పక్కన కూర్చుంది.

"నాన్నకిచ్చిన మాట నువ్వు నిలబెట్టుకున్నావు. నేను ఏ ఒట్టూ వెయ్యలేదు బాబాయ్. భయపడతాను, స్కానింగుకీ వెళ్తాను, బస్సూ నడుపుతాను. ఏదీ మానను."

ఆయన అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "చెల్లికి సూదంటే భయమే."

"ముందు నువ్వు పరీక్ష చేయించుకో. నీకు లేకపోతే ఆ లోపం నీ నుంచి దానికి రాదు."

"ఉంటే?"

"ఉంటే ముందే తెలుస్తుంది. నాన్నకి ముందే తెలియలేదు. అంతే తేడా."

బాబాయ్ చొక్కా చేతిని మెల్లగా మోచేతి పైదాకా మడిచాడు.

"ఎప్పుడెళ్దాం?"