తొంభై మీటర్ల హద్దు

పొద్దున్న ఆరుంపావుకి తేమ కొలిచే బెలూన్ రెండు వందల మీటర్ల ఎత్తున ఆగింది. బయట తాడు చుట్టిన రాట్నం దగ్గర పోలమ్మ కాళ్లు ఇసుకలో నాటుకుని నిలబడింది. గదిలో బెవర నీలవేణి తెరమీద పడుతున్న అంకెల్ని ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది. నీటి మీద గాలిలో తేమ ఎనభై తొమ్మిది శాతం. వంద మీటర్ల దగ్గర ఎనభై ఆరు. నూట నలభై రెండు దాటగానే ఒక్కసారిగా ముప్పై ఒకటి.

ఆమె టీ గ్లాసు కింద పెట్టి, ఆ అంకెను మళ్లీ చూసింది.

రాత్రంతా పడమటి నుంచి వీచిన ఎండుగాలి, సముద్రపు తడిగాలి మీద మూతలా కూర్చుంది. ఇలా కూర్చున్నప్పుడు రేడియో తరంగం ఆకాశంలోకి పోదు. మూత తగిలి కిందికి వంగుతుంది, నీటిని తాకి పైకి లేస్తుంది, భూమి వంపు వెంట గొట్టంలో నీళ్లలా వందల కిలోమీటర్లు సాగిపోతుంది. దాన్ని వాహిక అంటారు. రోజుకు రెండుసార్లు ఆ వాహిక ఎత్తు కొలిచి, తీరమంతటి రేడియోలనూ నడిపే ‘పటం’ అనే యంత్రానికి చెప్పడమే కళింగపట్నం తరంగమాపన కేంద్రంలో నీలవేణి ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా అదే చేస్తోంది.

పటం మిగతాది చూసుకుంటుంది. తీరంలో ప్రతి పడవకీ మితవాణి అనే రేడియో ఉంది. ఎదుటివాడికి చేరేంత బలంతోనే అది మాట్లాడుతుంది, అంతకు మించి పిసరంత కూడా వాడదు. ఏ పడవ ఎంత బలంతో మాట్లాడాలో క్షణక్షణం పటమే చెబుతుంది. ఉన్న ఆ కాసిని పౌనఃపున్యాల్లోనే పదమూడు వందల పడవలూ, మనుషులు లేకుండా తిరిగే సరకు ఓడలూ ఒకరి మాట మీద ఒకరు పడకుండా నెట్టుకొస్తున్నది అందువల్లే. పటం లెక్కలో మాట చేరలేని చోటు ఎక్కడ మొదలవుతుందో అక్కడ మూగగీత ఉంటుంది. దాని అవతలి నుంచి ఏదైనా వినిపిస్తే పటం నమ్మదు. ప్రతిబింబమనో, దొంగ సంకేతమనో రాసి చెరిపేస్తుంది.

నీలవేణి 142 అని నమోదు చేసింది. తెర ఎప్పటిలాగే జవాబిచ్చింది: ‘పరికర దోషం. 90గా స్వీకరించబడింది. వేలిముద్ర వేయండి.’

తొంభై దాటిన కొలతను పటం ఒప్పుకోదు. పన్నెండేళ్ల కిందట ఒకచోట పాడైన తేమమాపకం వాహిక ఎత్తు మూడు వందల మీటర్లని చూపిస్తే, పటం అది నమ్మి తీరమంతా సర్దబోయింది. ఆ గందరగోళంలో రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఆ తరువాత హద్దు పెట్టారు. కుడి మూలన ‘కొలత సరైనదే’ అన్న మీట ఒకటి మిగిలి ఉంది గాని, హద్దు పెట్టాక దాన్ని ఎవరూ నొక్కలేదు.

పోలమ్మ గుమ్మంలోకి వచ్చి చెంగుతో మెడ తుడుచుకుంది. ఇరవై ఏళ్లు వలలు లాగిన మనిషి, మోకాళ్లు పట్టేశాక ఈ రాట్నం పనిలో చేరింది.

“అమ్మా, ఓపాలి బయటికొచ్చి సూడు. ఓడ తలకిందలుగా అగుపడతన్నాది.”

నీలవేణి బయటికి వెళ్లి చూసింది. తూర్పున నీటి గీతకు పైన, ఉత్త గాలిలో, ఒక సరకు ఓడ తిరగేసి వేలాడుతోంది. అసలు ఓడ కనుచూపు దాటి ఎక్కడో ఉంది. తరంగాన్ని వంచిన గాలే వెలుతురునూ వంచుతోంది.

“పరికరం బాగానే ఉంది పోలమ్మా,” అంది.

“బాగానేదని ఎవులన్నారు?”

నీలవేణి లోపలికి వచ్చింది. వేలిముద్ర వేసే ముందు, చెరిపేసిన సంకేతాల జాబితా ఒకసారి చూసినట్టు సంతకం చెయ్యాలి. మామూలుగా మూడు నాలుగు వందలుంటాయి. చివరికి జరుపుకుని సంతకం పెట్టడమే అలవాటు. ఈ పొద్దు ఆరు వేలకు పైగా ఉన్నాయి. పైనుంచి కిందికి జరుపుతుంటే ఒకే పడవ సంఖ్య మళ్లీ మళ్లీ కంటపడింది. సరిగ్గా పన్నెండు నిమిషాలకొకటి. భావ-217. ఆపద స్వరం. ఇక్కడికి రెండు వందల తొంభై కిలోమీటర్ల దూరం. పక్కనే పటం రాసిన కారణం: ‘ఈ స్థానం నుంచి సంకేతం చేరడం అసాధ్యం. తొలగించబడింది.’

భావనపాడు పడవ అది. నలుగురు మనుషులు. పంతొమ్మిది రోజుల కిందట తప్పిపోయింది. పన్నెండో రోజున గాలింపు ముగించి, సంఖ్యను మూసేశారు.

ఆమె చిత్తుకాగితం తీసుకుని చేత్తో లెక్క వేసింది. వాహిక తొంభై మీటర్లయితే ఆ దారిలో నష్టం నూట తొంభై నాలుగు డెసిబెల్స్. ఏ యంత్రానికీ అందదు, పటం చెప్పింది నిజమే. నూట నలభై రెండయితే నష్టం నూట యాభై ఒకటి. తన యంత్రం నూట యాభై ఎనిమిది దాకా పట్టగలదు. కూడికలు సరిచూసుకుని, విశాఖలోని విభాగాధికారి రంగధాంకి ఫోన్ చేసింది.

ఆయన మొత్తం విన్నాడు.

“నీలవేణి గారూ, మీ లెక్కను నేను కాదనను. కానీ చెరిపేసిన సంకేతాన్ని ఆధారం కింద తీసుకోరు. మూసేసిన సంఖ్య మీద రక్షక నౌక కదలదు. మనిషి గొంతు వినిపించాలి, అది రికార్డు కావాలి.”

“గొంతు వినాలంటే తీరం ఊరుకోవాలి సార్. పదమూడు వందల రేడియోల కింద అది అణిగిపోతోంది.”

“అదే చెప్పబోతున్నా. మీరు నూట నలభై రెండు సరైనదే అన్నారనుకోండి, ప్రతి పడవ మాటా మూడు వందల కిలోమీటర్లు పోతుందని పటం అనుకుంటుంది. అందర్నీ ఆపేసి లెక్కలు మళ్లీ మొదలుపెడుతుంది. నలభై నిమిషాలు. ఓడలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అంతసేపు ఎవరికేం జరిగినా చెప్పుకోడానికి నోరుండదు. ఎంతమందో ఆలోచించారా?”

“ఆలోచించాను.”

“ఆ సంకేతం నిజంగా ప్రతిబింబమే అయితే?”

“అయితే నా ఉద్యోగం పోతుంది. పది గంటలకి సముద్రపు గాలి మళ్లుతుంది సార్. మూత లేచిపోతుంది. ఆ తరువాత నేను సరైనదే అన్నా ఒకటే, అనకపోయినా ఒకటే.”

“నేను అనుమతి ఇవ్వలేను,” అన్నాడు రంగధాం. “ఆ మీటకు నా అనుమతి అక్కర్లేదు కూడా. కొలిచినవాళ్ల వేలిముద్ర చాలు. అది మీకు తెలుసు.”

ఏడుంపావుకి ఆమె కుడి మూలనున్న మీట నొక్కి, బొటనవేలు ఆనించింది.

గదిలో ఎప్పుడూ ఉండే రేడియోల సన్నని గురగుర ఒక్కొక్క పొరే తగ్గుతూ వచ్చి, పూర్తిగా ఆగిపోయింది. పద్నాలుగేళ్లలో ఆ గదిలో అంత నిశ్శబ్దం ఆమె ఎరగదు. పోలమ్మ గుమ్మంలోనే గొంతుక్కూర్చుంది. నీలవేణి ఆపద మార్గం తెరిచి, నిలకడగా పిలిచింది.

“భావ-217, భావ-217. కళింగపట్నం మాట్లాడుతోంది. వినబడితే చెప్పండి.”

మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి పిలవబోతుంటే, గాలి లేచి పడుతున్నట్టు, ఒక గొంతు తేలి మునిగి మళ్లీ తేలింది.

“...ఇనపడతన్నాది. ఇనపడతన్నాది తల్లీ. నాను సూరాడ తాతారావుని.”

పోలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“ఎంతమంది ఉన్నారు తాతారావుగారూ?”

“నలుగురం ఎల్లాం. ముగ్గురం ఉన్నాం. ఇంజిను పోనాది. వానపడితే నీళ్లు పట్టుకున్నాం.”

ఆమె వాళ్ల స్థానం అడిగి రాసుకుంది, గాలికి పడవ ఎటు కొట్టుకుపోతోందో అడిగింది. రికార్డు అవుతోందో లేదో రెండుసార్లు చూసుకుంది. నౌక వస్తుందని, రేడియో బ్యాటరీ పొదుపుగా వాడుకోమని చెప్పింది. అన్నిటికీ అతను సరే అన్నాడు. తరువాత, తప్పు పట్టే గొంతు కాదు, తెలియక అడుగుతున్నట్టే అడిగాడు.

“పదకొండు దినాల కిందట మీ మాటలన్నీ మాకు ఇనపడ్డాయమ్మా. పొద్దున పొద్దున్నే. వాన కబురు సెప్పే ఆవిడ గొంతు, భావనపాడోళ్లు ఒకల్నొకలు తిట్టుకోడం, అన్నీ. మేం నలుగురం గొంతు పోయేలాగ అరిసేం. మీకు ఇనపడనేదా?”

నీలవేణి పాత నమోదులు తెరిచింది. పదకొండు రోజుల కిందటి ఉదయం. కొలిచింది 118. స్వీకరించింది 90. కింద తన వేలిముద్ర. చెరిపేసిన జాబితాలో భావ-217, ఆ జాబితా కింద తన సంతకం.

“మా యంత్రానికి వినబడింది తాతారావుగారూ,” అంది. “నేను చూడలేదు.”

మాట మునిగింది. అతను విన్నాడో లేదో తెలియలేదు. మళ్లీ తేలినప్పుడు నౌక ఎన్ని గంటలకొస్తుందని అడుగుతున్నాడు.

ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా తీరం మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. రంగధాం అప్పటికే రికార్డును రక్షక దళానికి పంపాడు. సాయంత్రం అయిదింటికి ముగ్గుర్నీ నౌకలోకి ఎక్కించారు. నాలుగోవాడి పేరు కొమర అప్పన్న. ఎనిమిది రోజుల కిందట పోయాడు. అంటే తమ గొంతులు తీరానికి చేరిన పొద్దు తరువాత మూడు రోజులు బతికాడు. నలభై నిమిషాల మౌనంలో బారువ దగ్గర రెండు పడవలు ఒరుసుకుని ఒకతని మణికట్టు విరిగింది. పదహారు ఓడలు ఆలస్యమయ్యాయి. ఇవన్నీ ఒకే నివేదికలో, ఒకదాని కింద ఒకటి, ఒకే అక్షరాల్లో వచ్చాయి. మణికట్టు విరిగిన మనిషి పేరు కూడా నీలవేణి రాసుకుంది.

రాత్రి రంగధాం ఫోన్ చేశాడు. “విచారణ నామమాత్రంగా ఉంటుంది. ముగ్గురు బతికారు కాబట్టి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఇలాంటిది రోజూ జరగదని అందరికీ తెలుసు.”

“అవును సార్,” అంది ఆమె.

మర్నాడు ఆరుంపావుకి బెలూన్ మళ్లీ ఆగింది. పడమటి గాలి బాగా తగ్గింది. ఆకాశం మామూలుగా ఉంది, సముద్రం మీద వింతలేమీ లేవు. తేమ తొంభై ఆరు మీటర్ల దగ్గర తెగింది. చెరిపేసిన జాబితాను ఆమె మొదటి నుంచి చివరి దాకా చదివింది. అందులో ఆపద స్వరం లేదు, తప్పిపోయిన పడవ లేదు. కానీ తీరమంతా మాట్లాడుతుండగా అణిగిపోయే గొంతు ఏ జాబితాకీ ఎక్కదు.

‘పరికర దోషం. 90గా స్వీకరించబడింది. వేలిముద్ర వేయండి.’

నిన్నటి మణికట్టు గుర్తొచ్చింది. అయినా మీట నొక్కి, వేలు ఆనించింది. గురగుర పొర పొరగా ఆగిపోయింది.

నిమిషం తిరక్కుండానే ఫోన్ మోగింది.

“ఈ రోజు ఎవరున్నారక్కడ?” రంగధాం గొంతు నిద్రలోంచి లేచినట్టుంది. “ఏ పడవ?”

“తెలీదండీ.”

“తెలియకుండా తీరం మొత్తాన్ని ఆపేశారా?”

“వాహిక తొంభై ఆరు ఉంది సార్. తొంభై ఆరనే రాశాను.”

ఆయన వెనక ఇంకో ఫోన్ మోగింది. ఆయన అటు తిరిగి రెండు ముక్కలు మాట్లాడి వచ్చాడు.

“బారువ కేంద్రం వాళ్లు. వాళ్ల కొలత నూట నాలుగట. నొక్కమంటారా అని అడుగుతున్నారు.” “ఏం చెప్పమంటారు?” అన్నాడు.

“ఎంత కొలిస్తే అంత రాయమనండి,” అంది నీలవేణి. ఫోన్ పెట్టేసి, ఆపద మార్గం తెరిచి, వినడానికి కూర్చుంది.