పాటల గదిలో తాత గొంతు

"చివర్లో దీపాలన్నీ ఆరిపోతాయంట! నడుమ ఎర్ర నక్షత్రం ఒక్కటే గుండెలా కొట్టుకుంటుందంట! ఢబ్... ఢబ్... ఢబ్!"

ఏటి పేట పిల్లలు సైకిళ్ల మీద వెళ్తూ లాంతరు కట్టే షెడ్డు ముందు ఆ మాట అరిచి, పకపకా నవ్వుకుంటూ మలుపు తిరిగిపోయారు.

షెడ్డులో అందరి చేతులూ ఆగిపోయాయి. మెలిటన్ తాత చేతిలోని టేపు చుట్ట జారి కింద పడింది. బెర్టో మామ నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు. పదకొండేళ్ల నింగ్ తాత మొహంలోకి చూసింది. అందులో కోపం లేదు. అంతకన్నా బాధపెట్టేదేదో ఉంది.

శాన్ ఫెర్నాండో ఊళ్లో క్రిస్మస్ లాంతర్ల పోటీ అంటే మాటలా! ఇల్లంత ఎత్తు లాంతరు, వేల బల్బులు, బ్యాండు పాటకు తగ్గట్టు వెలుగుల నాట్యం. లాంతరు కడుతుంటే ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఆఖర్లో దీపాలు ఏం చేస్తాయో మాత్రం ఏ పేట వాళ్లూ బయట పెట్టరు. నింగ్ వాళ్ల పై పేట గెలిచి చాలా ఏళ్లయింది. ఈసారి ఆశంతా ఆ ఆఖరి ఘట్టం మీదే. పోటీ ఈ శనివారమే.

"ఆ సంగతి తెలిసింది నలుగురికే," అన్నాడు మామ నిచ్చెన దిగుతూ. "నాన్నకి, నాకు, నింగ్‌కి..."

నాలుగో మనిషి మూలన కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తోంది. చారో. నింగ్‌కు ప్రాణ స్నేహితురాలు. చారో పిన్ని ఉండేది ఏటి పేటలోనే.

చారో గబగబా లేచి వచ్చింది. "నింగ్, ఒక్కసారి బయటికి రావే. నీ ఫోన్ కూడా తీసుకురా," అంది గొంతు తగ్గించి.

"నా ఫోన్‌తో నీకేం పని?"

"బయట చెప్తా. రా!"

"ఇక్కడే చెప్పు. నిన్న మీ పిన్నివాళ్లింటికి వెళ్లావా, లేదా?"

"వెళ్లాను, కానీ..."

"అయితే నువ్వే చెప్పావు!" నింగ్ గొంతు షెడ్డంతా వినబడింది. "తాత నిన్ను నమ్మి లోపలికి రానిస్తే, ఇదా నువ్వు చేసేది?"

చారో ఏదో చెప్పబోయింది. చుట్టూ చూసింది. పనివాళ్లంతా తమనే చూస్తున్నారు. తెరిచిన నోరు మూసుకుంది. గౌనుకు అంటిన కాగితం ముక్కలు దులుపుకుని, తల వంచుకుని వెళ్లిపోయింది.

"తొందరపడ్డావేమో తల్లీ," అన్నాడు తాత.

"దొరికిపోయింది కాబట్టే వెళ్లిపోయింది తాతా!"

తాత నిట్టూర్చాడు. "సరే. ఆఖరి ఘట్టం మార్చేద్దాం. ముందు అందరి కడుపులో ఏదైనా పడాలి. నువ్వెళ్లి వేయించిన అరటిపండ్లు పట్రా."

నింగ్ ఫోన్‌ను ఛార్జింగ్‌లోనే వదిలేసి బయల్దేరింది.

వీధి చివర కొట్టు ముందు బల్ల మీద ఏటి పేట బోయెట్ కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో పుల్లకు గుచ్చిన అరటిపండు. ఇంకో చేతిలో ఫోన్. ఆ ఫోన్‌లోంచి ఏదో చప్పుడు వస్తోంది.

ఖర్... ఖర్... ఖర్...

నింగ్ అక్కడే ఆగిపోయింది. ఆ చప్పుడు ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. లాంతరు వెనక ఇనుప డ్రమ్ము తిరుగుతుంటే దాని మీద జడపిన్నులు రాసుకునే చప్పుడది. పిన్ను ఇనుముకు తగిలితే దీపం వెలుగుతుంది. టేపు అంటించిన చోటికి రాగానే ఆరిపోతుంది.

ఆ తర్వాత ఫోన్‌లో ఎవరో దగ్గారు. తాత దగ్గు!

"బెర్టో, ఆ పాత టేపంతా పీకెయ్." తాత గొంతు!

"ఇదెక్కడిది?" నింగ్ అరిచింది.

బోయెట్ ఉలిక్కిపడ్డాడు. "యాప్‌లో నీ పాటల గదే కదా! పాట వినడానికి రండి అని నువ్వే పిలిచావుగా. మేం రోజూ వింటున్నాం."

"పాట అయిపోగానే నేను ఫోన్ పక్కన పెట్టేస్తాను!"

"పక్కన పెడితే గది మూసుకుంటుందా? మైకు తెరిచే ఉంటోంది. నిజం చెప్పాలంటే నీ పాటకన్నా మీ మామ తిట్లే బాగుంటాయి."

నింగ్‌కు ఒక్కసారిగా గుర్తొచ్చింది. పాటల యాప్ పెట్టుకున్న రోజు అది వరసగా ఏవేవో అడిగింది. ఎప్పుడెప్పుడు పాడదామా అన్న తొందరలో, చదవకుండానే అన్నిటికీ 'సరే' నొక్కేసింది.

"మరి... చారో మీకేం చెప్పలేదా?"

"చెప్పడమా! నిన్న మేం వింటుంటే ఫోన్ లాక్కుని కట్టేసింది. ఇంకోసారి విన్నారంటే మీ అమ్మలకి చెప్తానని మా మీద గయ్యిమంది. నీకు చెప్పలేదూ?"

అంతలో ఫోన్‌లో మళ్లీ తాత గొంతు. "ఇటు రా బెర్టో. కొత్త ముగింపు చెప్తా, విను."

"కట్టెయ్ బోయెట్!"

"కట్టేస్తా. కానీ వినేది నేనొక్కణ్ణేనా ఏంటి?"

నింగ్ పరుగందుకుంది. చెప్పు తెగింది. తెగిన చెప్పును అక్కడే వదిలేసింది. మలుపులో ఆటో సర్రున ఆగింది. "ఏయ్ పిల్లా, కళ్లు నెత్తికెక్కాయా?" అని డ్రైవర్ కేకేశాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

షెడ్డులోకి దూసుకొచ్చేసరికి తాత చేతులు ఊపుతూ చెబుతున్నాడు. "మొదట నీలం దీపాలు వస్తాయి. ఆ తర్వాత..."

నింగ్ ఎగిరి తాత నోరు మూసింది. రెండో చేతి వేలు తన పెదవుల మీద పెట్టుకుంది. ఫోన్ వైపు చూపించింది. వెళ్లి దాన్ని తీసింది. పాటల గది మూసింది. మైకు ఆపింది. ఆ యాప్‌నే తీసేసింది. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

"మన మాటలు మోసుకెళ్లింది చారో కాదు తాతా. నా ఫోను. దానికి 'సరే' చెప్పింది నేను." అంటూనే ఏడ్చేసింది.

తాత గడ్డం గీరుకున్నాడు. "నీలం దాకానేగా విన్నారు? నీలం తర్వాత ఏం చేయాలో నాకే ఇంకా తెలీదులే." మామ కిసుక్కున నవ్వాడు. "లాంతరు సంగతి మేం చూసుకుంటాం తల్లీ," అన్నాడు తాత. "నువ్వు చూసుకోవాల్సింది వేరే ఉంది."

చారో వాళ్ల పెరట్లో బియ్యం కడుగుతోంది. నింగ్‌ను చూసి కూడా తల ఎత్తలేదు.

"అంతా తెలిసింది," అంది నింగ్. "అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"అంతమందిలో చెబితే నీ మొహం ఎక్కడ పెట్టుకునేదానివి? అందుకే బయటికి రమ్మన్నాను."

నింగ్ ఆమె పక్కనే చతికిలబడింది. "నేను మాత్రం నిన్ను అంతమందిలోనే అన్నాను."

"అన్నావు. దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చాను."

"అంతమందిలోనే ఆ మాట వెనక్కి తీసుకుంటాను. వస్తావా?"

చారో చేతులు తుడుచుకుని లేచింది.

షెడ్డులో నింగ్ ఒక పెట్టె ఎక్కి నిలబడింది. అందరికీ వినబడేలా గట్టిగా చెప్పింది. "తప్పు నాది. చారోది కాదు. చారో మన మాటలు బయటికి పోకుండా ఆపాలని చూసింది. నేను నింద వేసినా నా పరువు కాపాడింది. చారో, థాంక్స్. నన్ను క్షమించు."

పనివాళ్లు చప్పట్లు కొట్టారు. తాత టేపు చుట్ట తెచ్చి చారో చేతిలో పెట్టాడు. "కొత్త ముగింపుకు మొదటి ముక్క నువ్వే అంటించమ్మా."

శనివారం సాయంత్రం ఏటి పేట వాళ్లు నీలం తర్వాత ఏం వస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు. నీలం వెలుగు మధ్యలోంచి పుట్టి, అలల్లా అంచుల దాకా పరుచుకుంది. ఆ మీదట లాంతరంతా ఒక్కసారిగా తెల్లగా విచ్చుకుంది. బోయెట్ అందరికన్నా ముందు లేచి ఈల వేశాడు. పై పేటకు రెండో బహుమతి వచ్చింది.

ఆదివారం షెడ్డులో బల్బులు విప్పుతున్నారు.

"ఒక పాట పాడవే. రికార్డు చేసి మా పిన్నికి పంపుతా," అంది చారో.

నింగ్ ఫోన్ తీసింది. 'మైకు వాడుకోవచ్చా?' అని అది అడిగింది. నింగ్ కింద ఉన్నదంతా నిదానంగా చదివింది. తర్వాత తలెత్తి చుట్టూ చూసింది.

"ఇది వింటుంది. మీ గొంతులు కూడా ఇందులో పడతాయి. మీ అందరికీ సరేనా?"

"నాకు సరే," అన్నాడు తాత.

"నాకైతే వద్దు," అన్నాడు మామ. "ఈ వైర్ల చిక్కు తీస్తూ నేనేం తిడతానో నాకే తెలీదు."

అందరూ నవ్వారు. నింగ్ 'వద్దు' నొక్కింది. ఫోన్ తీసుకెళ్లి ఇంట్లో పెట్టేసి వచ్చింది.

"నీకు ఏ పాట కావాలో అడుగు," అంది నింగ్, చారో పక్కన కూర్చుంటూ.

చారో అడిగింది. నింగ్ గొంతెత్తింది. రెండో చరణానికి మామ కూడా అందుకున్నాడు.