కడిగిన చేప

ఆ పొద్దున కూడా వంటింట్లో గిన్నెలే మాట్లాడుకుంటున్నాయి. అత్తగారు టీ గిన్నెను పొయ్యి మీద ఠంగుమని పెట్టింది. కోడలు చక్కెర డబ్బా మూత అంతకంటే గట్టిగా మూసింది. ఇద్దరి మధ్యా మాటలు లేక చాలా రోజులైంది. ఏదైనా చెప్పాల్సి వస్తే అత్తగారు పొయ్యికి చెబుతుంది, కోడలు మొగుడికి చెబుతుంది.

గొడవంతా ఒక పొడి దగ్గర మొదలైంది. ఇంటి వెనక షెడ్డులో కొడుకు చేపలకు పొగ పెట్టి, గాలి చొరని ప్యాకెట్లలో మూసి దుకాణాలకు వేస్తాడు. పొగకు ముందు చేపల్ని ఉప్పునీళ్లలో నానబెట్టాలి. చేప చెడకుండా ఆ నీళ్లలో ఒక పొడిని తూకం వేసి కలిపేది కోడలు. ఆ పొడి తింటే కాన్సర్ వస్తుందని అత్తగారు ఫోన్లో ఎవరో చెప్పగా విన్నది. ఇంకేముంది, కోడలు జనానికి విషం పెడుతోందని దుకాణంవాడి ముందే అనేసింది.

కోడలు మొదట్లో ఓపిగ్గానే చెప్పి చూసింది. పొడి ఎక్కువైతే చెడ్డదేనని, రోజూ తింటే ఎవరికీ మంచిది కాదని, అందుకే పాపకి ఎప్పుడో ఒక ముక్కే పెట్టమంటున్నానని చెప్పింది. కానీ ఉప్పూ పొడీ లేకుండా ప్యాకెట్లో మూస్తే, వాసనైనా రాకుండా చేప లోపలే విషమవుతుందంది. అత్తగారు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. ఇంటికని తీసిపెట్టిన చేపల్ని ఎవరూ చూడకుండా ఉప్పునీళ్లలోంచి తీసి, కుళాయి కింద కడిగి, మంచినీళ్లలో నానబెట్టి, తిరిగి మిగతావాటి పక్కనే విడిగా పొగకు పెట్టేది. తర్వాత ప్యాకెట్లో మూసి తన అలమరాలో దాచేది. మనవరాలి నోట్లోకి ఆ పొడి పోనివ్వకూడదని ఆమె పంతం.

టీ ఇంకా మరగలేదు. నిద్ర లేచిన పాప గోడ పట్టుకుని నడిచొచ్చి గుమ్మంలోనే కక్కేసింది. రెప్పలు సగమే తెరుచుకున్నాయి.

"నానమ్మా, నువ్వు ఇద్దరు కనిపిస్తున్నావేంటి?" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నిన్న ఏం తిన్నదని అడిగింది. పొగ పెట్టిన చేప అని అత్తగారు చెప్పగానే కొడుకు పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినలేదని, పొడి గుమ్మరించి పిల్లని ఈ గతికి తెచ్చిందని అరిచాడు. కోడలు తూకం తప్పలేదంది. కాసేపటికి తప్పిందేమో అంది. ఆ తర్వాత తన చేతులు చూసుకుంటూ ఏడ్చేసింది.

అత్తగారికి సంతోషం కలిగింది. పాప అలా పడి ఉండగానే కలిగింది. ఇక కోడలు జన్మలో తలెత్తదు, కొడుకు తన మాట జవదాటడు. నోరు మూసుకుంటే చాలు.

"పాపని చూస్తే చెడిన చేప తిన్నట్టుంది. మీరేమో పొడి అంటున్నారు. రెంటికీ మందు వేరు. ఏదో తేల్చి చెప్పండి" అంది డాక్టరమ్మ.

అత్తగారు మంచం మీది పాప వైపు చూసింది.

"పొడి కాదమ్మా. పాప తిన్న ముక్కలో పొడే లేదు. ఉప్పుతో సహా నేనే కడిగేశాను. ప్యాకెట్లో మూసి అలమరాలో పెట్టాను."

డాక్టరమ్మ మందు కోసం పరుగెత్తింది. కోడలు అత్తగారి ముందుకొచ్చి నిలబడింది.

"నన్ను విషం పెట్టేదాన్నన్నారు, పడ్డాను. మీ పంతం నెగ్గడానికి నా బిడ్డే దొరికిందా మీకు?"

అత్తగారు తలొంచుకుని ఆ మాటలన్నీ పడింది.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ బయటికొచ్చి, విషం ఇక పాకదని, కానీ పాప మామూలు మనిషి కావడానికి వారాలు పడుతుందని చెప్పింది. సంగతి ఆలస్యంగా తెలిసి ఉంటే ఊపిరికే ముప్పయ్యేదట. కొడుకు మందుల కోసం వెళ్లాడు. వరండాలో బెంచీకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు మిగిలారు.

"పాప ఇంటికొచ్చేలోపు నేను మా అక్క దగ్గరికి పోతాను" అంది అత్తగారు.



"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు" అంది కోడలు. "ఆయన నన్నే అనేవాడు. నేనూ నమ్మేసేదాన్ని. మీ చోట నేనుంటే చెప్పేదాన్నో లేదో."

అంతవరకూ బిగబట్టుకున్న అత్తగారు ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ప్రేమ అనుకున్నానే. కడిగినప్పుడల్లా పాప కోసమే అనుకున్నాను. సగం నీ మీద కసే."

"తెలుసు" అంది కోడలు. "నాకూ తక్కువేం లేదు."

కాసేపటికి పాప లేచిందని నర్సు వచ్చి చెప్పింది. అత్తగారు లేవబోయి తూలితే కోడలు చెయ్యి పట్టుకుంది. లోపలికి వెళ్లేదాకా వదల్లేదు.