ఇసుకదిబ్బ తెగిన సాయంత్రం

వానాకాలం వచ్చిందంటే శాన్ ఎల్పిడియో ఊళ్లో పారలు బయటికొస్తాయి. ఉప్పుటేరు నిండిపోతుంది. దానికీ సముద్రానికీ మధ్య ఇసుకదిబ్బ అడ్డం. ఊరి మగాళ్లు ఆ దిబ్బను తవ్వి నీటికి దారి ఇస్తేనే ఏటి ఒడ్డున ఇళ్లు నిలుస్తాయి. ఏటా దక్షిణం కొసనే తవ్వేవారు. ఈసారి అక్కడ కొత్త హోటల్ గొడుగులు వెలిశాయి. "ఉత్తరాన తవ్వుకోండి" అన్నారు హోటల్ వాళ్లు. వాళ్ల దుప్పట్లు ఉతికితేనే ఊళ్లో సగం పొయ్యిలు వెలుగుతాయి. ఇక ఎదురు చెప్పేదెవరు?

ఉత్తరాన పాత ఊరుండేది. యాభై ఏళ్ల కిందట, తీరమంతా విహారస్థలం చేస్తామని జనాన్ని లారీలెక్కించి, ఇళ్లను ఇసుకతో పూడ్చేశారు. కదిలేది లేదన్నవాళ్లు కొందరున్నారట. వాళ్లేమయ్యారన్న మాట ఎవరూ ఎత్తరు.

ఉత్తరాన తవ్వుతున్న ఫిదెన్సియోకి ఇవేవీ పట్టలేదు. అతని ఇంట్లో నీళ్లు గడప దాటాయి. భార్య ఎవెలియా మూడేళ్ల కూతుర్ని తీసుకుని మంచమెక్కి కూర్చుంది. చీకటి పడేలోగా దిబ్బ తెగకపోతే ఆ ఇల్లు దక్కదు.

"ఏం అల్లుడూ, పార పట్టావా, గరిటె పట్టావా?" ఎవెలియా తండ్రి ఎలాదియో వెక్కిరించాడు.

"నువ్వు కబుర్లు తగ్గిస్తే నేను జోరు పెంచుతా మామా."

అందరూ నవ్వారు.

నడుములోతు దిగేసరికి ఫిదెన్సియోకి ఏదో వాసన తగిలింది. తడి ఇసుక వాసన కాదు. పెనం మీద కాలుతున్న మొక్కజొన్న రొట్టెల వాసన. మామ అవతలి కొసన ఉన్నాడు. గాలి ఆగింది. అలల చప్పుడు కూడా... ఆగింది.

పాదాల కింద ఎవరో దగ్గారు.

"బాబూ..." ముసలి ఆడగొంతు. "ఎక్కడుంటావు నాయనా?"

పైకి ఎక్కబోయాడు. కానీ పెద్దవాళ్లు అడిగితే ఇల్లు నాదనకూడదు, మీదే అనాలని ఆ ఊళ్లో ఉగ్గుపాలతో నేర్పుతారు. భయంలో నోరు దానంతటదే కదిలింది.

"మీ ఇల్లు ఏటి ఒడ్డునే అమ్మమ్మా. నీలం తలుపు. ఎప్పుడైనా రండి."

"చల్లగా ఉండు..." కింద చాలా గొంతులు ఒక్కసారే అన్నాయి.

అప్పుడే దిబ్బ తెగింది. మామ పరుగెత్తుకొచ్చి జుట్టు పట్టుకుని పైకి లాగకపోతే ఫిదెన్సియో సముద్రం పాలయ్యేవాడు.

"ఎవరితోరా మాటలు?"

అతను చెప్పాడు. ముసలాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"వాళ్లకి... ఇల్లిచ్చావా?"

ఫిదెన్సియో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. నీరు తీసింది. ఇల్లు నిలిచింది. లోపల దీపం, గిన్నెల చప్పుడు, పదిమంది మాటలు. ఎవెలియా మాత్రం పిల్లను చంకనేసుకుని వీధిలో నిలబడి ఉంది.

"బయటెందుకున్నావ్? పద లోపలికి!"

"ఎవరింట్లోకి?" ఆమె నెమ్మదిగా అంది. "మనది ఉత్తరాన, ఇసుక కింద కదా. నీకోసమే ఆగాం."

పిల్ల చేతులు చాచి తండ్రి మెడను వాటేసుకుంది. చేతులు మంచులా ఉన్నాయి. "నాన్నా" అని నవ్వింది... నోట్లోంచి ఇసుక జలజలా రాలింది.